గంట మోగని కుక్క

ఆ రోజుల్లో భయమంటే ఏమిటో తెలియదని చెప్పుకోవడం నాకొక జబ్బు. డెబ్బైల చివర, ఇరవై రెండేళ్ల వయసులో, ఉట్నూర్ దగ్గరి ఒక పల్లెలో పశువుల దవాఖాన కంపౌండరుగా చేరాను. డాక్టరు పోస్టు ఖాళీ. ఊరంతా నన్నే డాక్టరు సారూ అనేది, నేనూ కాదనలేదు (కాదనడానికి మనసొప్పాలి కదా). అలా పెంచుకున్న గొప్ప చివరికి నన్ను ఒక పాడుబడ్డ బావి దగ్గర ఇరికించింది.

ఆ బావిలో ఒక కుక్కపిల్ల పడింది. తల్లి ఊరకుక్క, తండ్రి తోడేలు అని మేకల కాపర్లు చూడగానే తేల్చేశారు. ఆ చలికాలం తోడేళ్లు ఎత్తుకుపోయిన మేకల కోపమంతా దానిమీద తీర్చుకోవాలని రాళ్లు ఏరుతున్నారు. అది మొరగలేదు, మూలగలేదు. పసుప్పచ్చ కళ్లతో అంతమందిలో నన్నే చూస్తోంది. ఏం పుట్టిందో ఏమో, నేను పెంచుకుంటానన్నాను. కాపర్ల పెద్ద తన చేతిలోని రాయి కింద పడేశాడు. ఎండాకాలంలో కూడా భుజం మీంచి గొంగడి దించని మనిషి, అందుకే అందరం గొంగడి కాక అనేవాళ్లం.

"సాదుకో సారూ. గని ఒక్క మేక వోయినా దాన్ని నేనే నరుకుత. అడ్డం రావద్దు" అన్నాడు. సరేనని మాటిచ్చాను.

పెంపకం మాత్రం పుస్తకంలో రాసినట్టే చేశాను. రేబిస్ టీకా వేశాను, పెరట్లో మనిషెత్తు వెదురు తడికె కట్టాను, జొన్న గటకలో మాంసం ముక్కలు ఉడకేసి వేళకు పెట్టాను. పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. ఏ కొత్త పశువు వచ్చినా మెడలో గంట కట్టి ఊరికి తెలపడం అక్కడి పద్ధతి. కాకే స్వయంగా ఇత్తడి గంట తెచ్చి కట్టాడు. నెల తిరిగేసరికి ఆ గంట మోగడం మానేసింది. చేత్తో ఊపితే ఖంగుమనేది, అది నడిస్తే మాత్రం ఉలుకూ పలుకూ లేదు. నేను బియ్యం కడుగుతుంటే మెడ వెనక ఏదో వెచ్చగా తగిలేది. తిరిగి చూస్తే అదే, కదలకుండా నన్నే చూస్తూ. సాయంత్రం ఊరకుక్కలన్నీ గుట్ట వైపు మొరుగుతుంటే తడికె దగ్గరికి వెళ్లి ఊరికే నిలబడేది. కుక్కలన్నీ ఒక్కసారిగా నోరు మూసేవి. ఊరు దానికి సప్పుడు అని పేరు పెట్టింది. నేను గోడకు వీపు ఆనించి అన్నం తినడం నేర్చుకున్నాను. ఎవరైనా అడిగితే మాత్రం నా మాట జవదాటదని చెప్పేవాణ్ణి (నేను దానికి ఒక్క మాట చెప్పి ఉంటే కదా).

మరుసటి చలికాలం ఒకనాటి పొద్దున విపరీతమైన మంచు. తడికె అవతల నలుగురి గొంతులు వినిపించాయి. కాక సూడి మేక దొడ్లో లేదట. మంచులోంచి ముందు గొడ్డలి కనబడింది, తర్వాత కాక. తడికె ఎత్తుగా ఉంది కదా అన్నాను. తోడేలు జాతికి అదొక లెక్కా అన్నాడు. సప్పుడు నా కాలి పక్కనే నిలబడి గొడ్డలి వంక చూస్తోంది. పారిపోలేదు, పళ్లు చూపలేదు. దాన్ని బతికించే సాక్ష్యం నా దగ్గర ఒకటే ఉంది. అది చెబితే ఊళ్లో తలెత్తుకోలేను.

"రాత్రి అది యాడికీ పోలే కాకా."

"నీకెట్ల ఎర్క? నువ్వు పండుకోలేదా?"

"పండుకోలే. నెల రోజులాయె నిద్రలేక" అంటూ లుంగీ పైకెత్తాను. అప్పటిదాకా మంచులో వాళ్లకు నా కాళ్లు సరిగా కనబడలేదు. నా చీలమండకు గొలుసు, గొలుసుకు తాళం, రెండో కొస సప్పుడు మెడకు. రాత్రి బయటికి పోయి ఎవరి మేకను పడుతుందోనని రోజూ అలా కట్టుకునే పడుకుంటున్నాను. అది తెల్లవార్లూ మంచం పక్కన కూర్చుని నా ముఖమే చూసేది. అది చూస్తుంటే నాకు కన్ను మూతపడేది కాదు. అదంటే నాకు చచ్చేంత భయమని ఆ నలుగురి ముందు మొదటిసారి చెప్పేశాను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

కాక గొంతుక్కూచుని తాళం లాగి చూశాడు. ఒరుసుకుపోయిన నా చర్మం చూశాడు. "గింత భయం వెట్టుకొని ఎట్ల సాదుతున్నవ్ సారూ?"

"సాదుతనని మాటిచ్చిన గద."

కాక గొడ్డలి భుజానికెత్తుకుని మంచులోకి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి మేక గుట్ట కింద పొదలో రెండు పిల్లల్ని ఈని కనబడిందని కబురొచ్చింది.

కరీంనగర్‌కు బదిలీ అయినప్పుడు సప్పుడును వెంట తీసుకొచ్చాను. ఇక్కడ తొమ్మిదేళ్లు బతికింది. అన్నేళ్లూ వీలైనంతవరకు దానికి నా వీపు చూపించలేదు. చివరి రోజు తల ఎత్తలేక వాకిట్లో పడుకుంటే, పక్కన కూర్చుని మెల్లగా దాని డొక్కకు నా వీపు ఆనించాను. పెద్దగా ఊపిరి వదిలి, మొదటిసారి నన్ను చూడడం మానేసి కళ్లు మూసుకుంది. ఇన్నేళ్లూ నేను నిద్రపోతేనే తానూ పడుకోవాలని ఎదురుచూసిందేమో, పిచ్చి ముండ. ఇప్పుడు తలచుకుంటే నవ్వూ వస్తుంది, దానితోపాటు ఇంకేదో కూడా వస్తుంది.