మెరుగూ తరుగూ

ఎంత జాగ్రత్తగా మెరుగు పెట్టినా రవ్వంత బంగారం తరుగు పోతుందని ముందే చెప్పడం ప్రొద్దుటూరులో నగలకు మెరుగు పెట్టే అబ్దుల్ వాహిద్‌కు అలవాటు. మధ్యాహ్నాలు గోళ్లలోని నలుపు కడుక్కుని, కువైట్‌లో కొన్న పాత ఇంగ్లీషు రాక్ రికార్డులను అంచులతోనే పట్టుకుని తీసి వింటాడు. నిన్న లెక్చరర్ శరత్ వాటిలో ఒకదాన్ని పాత శబ్దాన్ని శుభ్రం చేసి, అంటే రీమాస్టర్ చేసి అచ్చేసిన కొత్త రికార్డు తెచ్చాడు.

“గరగర అనేదే లేదు. ఇంక పాతది పారెయ్ మామా!”

వాహిద్ కళ్లు మూసుకుని రెండూ విన్నాడు. ఒకచోట సూది వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు.

“పాతదాంట్లో పాట ఎత్తుకునే ముందు ఈడ ఆయప్ప ఊపిరి పీలుస్తాడు. కొత్తదాంట్లో అది యాడుందో చూపించు.”

శరత్ స్పీకరుకు చెవి ఆనించాడు. ఎంత విన్నా దొరకలేదు.

వాహిద్ పాతదాన్ని అట్టలోకి మెల్లగా జార్చాడు.

“మెరుగు శానా బాగుందప్పా. ఊపిరే తరుగు కింద పోయింది.”