పదమూడో గుంటలో ఐదు

లైల్ ఓస్ట్రాండర్ పేరు వింటేనే వెండెల్ క్రౌస్‌కి ఒళ్లు మండేది. ఒక రోజా రెండు రోజులా, ఇరవై రెండేళ్లుగా అదే మంట. ఇద్దరూ ఒకే ఏడాది అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో చెరో గోల్ఫ్ క్లబ్బులో కొలువుకి చేరారు. పొద్దున్నే దుకాణం తెరవడం, టోపీలు అమ్మడం, బంతి తగలక గడ్డి పెళ్లగించే డాక్టర్లకి ఆట నేర్పడం, ఇద్దరి పనీ అదే. కానీ లైల్ నాలుగుసార్లు క్లబ్బు గురువుల జాతీయ పోటీకి వెళ్లొచ్చాడు. వెండెల్ ఒక్కసారి కూడా వెళ్లలేదు.

వెళ్లాలంటే ముందు సొంత రాష్ట్రంలో నెగ్గాలి. రెండు రోజులు, ముప్పై ఆరు గుంటలు. తక్కువ దెబ్బల్లో ముగించిన ఐదుగురికే చోటు. రెండో రోజు ఏ మహానుభావుడు జాబితా వేశాడో గానీ, వీళ్లిద్దర్నీ జంట కట్టాడు. ఆ ఆటలో ఒకడి లెక్క ఇంకొకడు కార్డు మీద రాయాలి. అంటే లైల్ ఎంత బాగా ఆడుతున్నాడో వెండెల్ తన చేత్తోనే రాయాలన్నమాట. ఇంతకంటే శిక్ష ఉంటుందా!

"ఏరా, ఆముదం తాగినట్టు మొహం పెట్టావేం?" అన్నాడు లైల్.

"నీ ఆట నువ్వు చూసుకోరా బాబూ," అన్నాడు వెండెల్.

ఆట ముగిసేసరికి నాలుగు చోట్లు ఎవరికో ఖాయమైపోయాయి. మిగిలింది ఒకటే. కార్డుల ప్రకారం లైల్‌ది నూట నలభై మూడు, వెండెల్‌ది నూట నలభై నాలుగు.

కార్డులు అప్పగించే గుడారంలో కూర్చున్నాక వెండెల్ తను రాసిన లెక్క ఇంకోసారి చూశాడు. లైల్ కార్డులో పదమూడో గుంటకి నాలుగని ఉంది. అక్కడ బంతి ఇసుకలో ఇరుక్కుని లైల్‌కి ఐదు దెబ్బలు పట్టాయి. అది చూసి వెండెల్ లోలోపల మురిసిపోయాడు. ఆ మురిపెంలోనే తప్పు రాశాడు.

ఉన్నదానికంటే తక్కువ లెక్క మీద సంతకం పెట్టినవాణ్ణి పోటీ నుంచి తీసేస్తారు. లైల్ కార్డు వంక సరిగా చూడనైనా లేదు, ఎవరితోనో నవ్వుతూ పెన్ను తీశాడు. వెండెల్ కాసేపు నోరు మూసుకుంటే చాలు. కార్డు అప్పగించేశాక, అప్పుడే గుర్తొచ్చినట్టు నాలిక కరుచుకుంటే సరి. పెట్టరా, పెట్టు, అనుకున్నాడు.

"పదమూడులో నీది ఐదురా," అన్నాడు. అనేశాక తన నోటిని తనే తిట్టుకున్నాడు.

"అమ్మ బాబోయ్! బతికించావురా," అంటూ లైల్ దిద్దించుకున్నాడు.

ఇద్దరి లెక్కా సమానమైంది. తేల్చడానికి ఇంకో గుంట ఆడించారు. లైల్ బంతి లోపల పడింది. వెండెల్‌ది నాలుగడుగుల దూరం నుంచి వచ్చి, అంచు తాకి బయటే ఆగింది.

అందరూ వచ్చి భుజం తట్టినవాళ్లే. "నీలాంటి నిజాయితీపరుణ్ణి చూడలేదయ్యా," అని పోటీ పెద్ద చెయ్యి నొక్కాడు. వెండెల్ పళ్లికిలించి, కారెక్కి తలుపేసుకున్నాడు. అంతలో భార్య మార్లిస్ ఫోన్ చేసింది.

"ఎంత మంచిపని చేశావటయ్యా! అంతా నిన్నే పొగుడుతున్నారట."

"ఆ పొగడ్తలేవో వాడికొచ్చి, ఆ చోటు నాకొస్తే బాగుండేదే," అన్నాడు వెండెల్.