ఒక పక్కే పట్టిన బ్రేకు

మా తమ్ముడు పొద్దున్నే రైలు దిగి నాంపల్లి స్టేషన్ బయట నా కోసం నిలబడ్డాడు. పాత ట్రాక్టర్ కొనడానికి వచ్చాడు. నాట్లు వచ్చినప్పుడల్లా కిరాయి ట్రాక్టర్ల కోసం వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలలేక వాడి ప్రాణం విసిగింది. కొనొద్దని నేను అనలేదు. నేను చూడకుండా మాత్రం కొనొద్దన్నాను. మా ఆయనను మింగింది పాత ట్రాక్టరే. నాకు మిగిలింది ఈ తమ్ముడొక్కడే.

బండి మా గల్లీలోనే ఉంది. అబిడ్స్‌లో పాత బంగళాలు కూలగొట్టి తలుపులు, దూలాలు అమ్ముకునే సేటు, ఎవరో రైతు పొలం దున్నిన ఆ బండిని కొని దాంతో మట్టి, ఇటుక ముక్కలు మోయించేవాడు. అబిడ్స్‌లో బట్టల దుకాణం ఊడవడానికి పోతూ వస్తూ రోజూ దాన్ని చూసేదాన్ని. అమ్ముతున్నారని తమ్ముడికి కబురు చేసింది కూడా నేనే. అందుకే నా భయం ఇంకా ఎక్కువ.

పోగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టాను. వేడిగా ఉంది.

"గిదేంది సేటూ, పొద్దుగాల్నే యాడికి పోయొచ్చింది బండి?" అన్నాను.

"యాడికీ పోలేదమ్మా. మీరొస్తున్నరని జర స్టార్ట్ చేసి పెట్టిన."

"సల్లారనియ్యి. చాయ్ తాగొస్తం."

తమ్ముడు నవ్వాడు. "పెండ్లిపిల్లను గూడ గింత సూడలేదు గదనే అక్కా మనం."

"పెండ్లిపిల్ల నచ్చకుంటె పుట్టింటికి పోతది. ఇది నిన్ను తీస్కపోతది. నడువు."

ఇది మా ఆయన పద్ధతి. వేడెక్కిన ఇంజన్ ఎలాంటిదైనా స్టార్ట్ అవుతుంది, చల్లగా ఉన్నప్పుడే దాని నిజం తెలుస్తుంది అనేవాడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పాత బండి కొనాలంటే ఆయన్ను వెంటబెట్టుకుపోయేవాళ్ళు. ఒక్కోసారి నేను కూడా వెళ్ళేదాన్ని. ఆయన చేసేదంతా చూస్తూ ఉండేదాన్ని.

ఇంజన్ చల్లారాక తిరిగి వచ్చాం. తమ్ముడు తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. ముందు కొంచెం నల్లపొగ వచ్చి పోయింది. ఆయిల్ పోసే మూత తీసి చూశాను, లోపలి నుంచి పొగ ఎగదన్నడం లేదు. ఆయిల్ కొలిచే పుల్లకు అంటిన ఆయిల్‌ను వేళ్ళ మధ్య రుద్దాను, ఇసుకలా తగల్లేదు. వెనక లిఫ్టుకు బరువు కట్టి పైకెత్తించి ఇంజన్ ఆపమన్నాను. బరువు జారకుండా అలాగే నిలిచింది.

"ఇంజన్ బంగారం అమ్మా," అన్నాడు సేటు.

బంగారమే. మా ఆయన కొన్న బండి ఇంజన్ కూడా బంగారమే. ఆయన కూడా అక్కడిదాకా చూసి ఆగిపోయాడు. మా రైతులందరూ అక్కడే ఆగుతారు. పొలంలో బురదే బండిని ఆపుతుంది, బ్రేకు ఎవరికి గుర్తొస్తుంది?

ట్రాక్టర్‌కు బ్రేకు పెడళ్ళు రెండు. ఒక్కో వెనక చక్రానికి ఒకటి. నాట్లకు ముందు మడిలో నీళ్ళు పెట్టి బురదయ్యేలా కరిగెట దున్నేటప్పుడు, గట్టు దగ్గర ఒకటే తొక్కితే బండి అక్కడికక్కడే తిరుగుతుంది. మా దగ్గర మడి చుట్టూ ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతూ దున్నుతారు. ఏళ్ళ తరబడి తొక్కీ తొక్కీ ఎడమ బ్రేకు అరిగిపోతుంది. కుడిది కొత్తదానిలాగే ఉంటుంది. రోడ్డెక్కినప్పుడు రెండు పెడళ్ళనూ కలిపి గొళ్ళెం వేసి తొక్కితే, ఒక చక్రం ఆగుతుంది, రెండోది ఆగదు.

మా ఆయన వడ్ల ట్రాలీతో కాలువ వంతెన దిగుతుంటే గొర్రెలు అడ్డం వచ్చాయట. బ్రేకు తొక్కాడు. కుడి చక్రం ఒక్కటే పట్టింది. బండి గిర్రున తిరిగి కాలువలో పడింది. తాగి నడిపాడన్నారు ఊళ్ళో. ఆ పొద్దున ఆయన కడుపులో చాయ్ తప్ప ఏమీ లేదు. ఆ చాయ్ నేనే పోశాను. తరువాత బండిని విప్పిన మిస్త్రీ ఎడమ బ్రేకులో చక్రాన్ని పట్టి ఆపే లైనరే లేదు, ఇనుమే మిగిలింది అన్నాడు. అప్పటికి ఆ మాట వినేవాళ్ళు ఎవరూ లేరు.

"రోడ్డు మీదికి తియ్యిరా. గొళ్ళెం ఏసి గట్టిగ తొక్కు," అన్నాను.

నుమాయిష్ మైదానం గోడ పక్కన రోడ్డు ఖాళీగా ఉంది. తమ్ముడు కొంచెం ఊపు మీద వచ్చి తొక్కాడు. బండి ముక్కు కుడికి విసురుగా తిరిగి గోడకు జానెడు దూరంలో ఆగింది. దుమ్ములో కుడి చక్రం ఈడ్చుకుపోయిన గీత నల్లగా ఉంది. ఎడమ వైపు గీతే లేదు.

తమ్ముడు దిగి గోడకూ బండికీ మధ్య సందును జానెతో కొలిచాడు.

"అరె, నాకు ఎరుకే లేదమ్మా," అన్నాడు సేటు. అబద్ధం కాదనే అనిపించింది. ఈ గల్లీల్లో ఆ బండి నడిచేది మనిషి నడకంత. "గింతే గద, మిస్త్రీని పిలుస్త."

"రెండు దిక్కుల మార్పియ్యి సేటూ. ఒక్క దిక్కు మారిస్తే మల్ల గదే కత."

మిస్త్రీ వచ్చాడు. జాకీ పెట్టాడు, విప్పాడు, పాతవి పీకి పక్కన పడేశాడు, కొత్త లైనర్లు వేసి బిగించాడు. మధ్యలో బీడీ కూడా తాగాడు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి చేతులు తుడుచుకుంటూ లేచాడు.

తమ్ముడు మళ్ళీ నడిపి తొక్కాడు. బండి తిన్నగా ఆగింది. దుమ్ములో రెండు గీతలు, పక్కపక్కన, ఒకే పొడుగు.

"అక్కా, సూడు! మంచిగైంది!" అని అరిచాడు.

మా ఆయన ఎందుకు పోయాడో నాకు ఎప్పటినుంచో తెలుసు. ఆ బ్రేకును బాగుచేయడం ఇంత చిన్న పని అని మాత్రం ఆ రోజే కళ్ళారా చూశాను. ఒక పూట. ఒక మనిషి, బీడీ తాగుకుంటూ చేసే పని. అది చేయించి ఉంటే ఆయన ఇప్పుడు తమ్ముడి పక్కన నిలబడి వాడికి జాగ్రత్తలు చెబుతుండేవాడు.

"ఏందక్కా, ఏడుస్తున్నవేంది?" తమ్ముడు దగ్గరకొచ్చాడు.

"దుమ్ము వడ్డది రా. పో, చీకటి గాకముందే ఊరు చేరుకో. గొళ్ళెం తియ్యకు."

వాడు సేటుకు డబ్బులిచ్చి బండెక్కి వెళ్ళిపోయాడు. నేను ఆ గోడ నీడలో కూలబడ్డాను. దుకాణంలో ఊడ్చే పని అలాగే ఉంది, లేవబుద్ధి కాలేదు. బండి చప్పుడు వినపడనంత దూరం పోయేదాకా వింటూ కూర్చున్నాను.