గోవా నీళ్ళలో పప్పు ఉడకదట

మా కూర్మమ్మ జన్మలో ఒక్కటే అబద్ధం ఆడింది. ఆ ఒక్కటీ నాతోనే ఆడింది. దాని మూలాన నలభై మందిమి గోవా చూడకుండా పోయాం. ఆ కోపం నాకింకా పూర్తిగా తీరలేదు. తీరేలోగానే ఆమె సంగతి చెప్పేస్తాను.

బరంపురం పెద్దబజారులో మా ఆయన సోమేశ్వరరావుది పప్పుల హోల్‌సేలు. ఆయన కొట్టు వదిలి కదలడు, నేను ఇంట్లో కుదురుగా కూర్చోలేను. అందుకని యాత్రా బస్సు నా చేతికొచ్చింది. ఇరవై రెండేళ్ళుగా జనాన్ని కాశీకీ గయకీ రామేశ్వరానికీ ద్వారకకీ తిప్పుతున్నాను. యాత్రలో దేవుడి తర్వాత వంటమనిషే. దర్శనం దొరక్కపోతే జనం తమ కర్మ అనుకుంటారు. పప్పు ఉడక్కపోతే ‘ఈ వాసవీకుమారి ఉంది చూశావూ’ అని నన్ను తిడతారు.

మొదటి యాత్ర రోజునే మా వంటమనిషి జ్వరమని కబురు పెట్టాడు. బస్సు వాకిట్లో నిలబడి ఉంది, జనం ఎక్కేశారు. ఇచ్ఛాపురం సరిహద్దుకు ఇవతల పల్లె నుంచి కూర్మమ్మ మా ఇంటికి కారం దంచడానికి వచ్చి ఉంది. అప్పటికి ముప్పై దాటి ఉంటుంది. “వంట చేస్తావా? వస్తావా?” అన్నాను. “ఎక్కడికమ్మా?” అంది. “కాశీకి.” “ఎప్పుడు?” “ఇప్పుడే.” ఆమె రోలు కడిగి, చేతులు కడుక్కుని, కట్టుచీరతో బస్సెక్కేసింది. మర్నాడు వాళ్ళాయన అప్పయ్య వెతుక్కుంటూ కొట్టుకొచ్చి విషయం విని, “కాసీ ఎల్లిపోనాదా? మరి కోల్లకి గింజలెవులేస్తారు?” అని అడిగాడట. 

ఏ ఊళ్ళో దిగినా ఆమె ముందు నీళ్ళు అడుగుతుంది. చిన్న గిన్నెలో గుప్పెడు కందిపప్పు వేసి పొయ్యి మీద పెడుతుంది. కూరలు తరిగేలోగా పప్పు మెత్తబడితే ఆ ఊళ్ళో రెండు రోజులు ఆగుతాం. గింజ గింజలాగే ఉంటే ఉప్మా తిని బయల్దేరతాం. వంటసోడా వేద్దామంటే ఒప్పుకోదు, రుచి చస్తుందంటుంది. ఎక్కడ ఎన్ని రోజులు ఆగాలో పుస్తకంలో రాసేది నేను, తేల్చేది ఆమె.

కరోనా వచ్చి బస్సు రెండేళ్ళు పరదా కింద పడుకుంది. రెండువేల ఇరవై రెండో సంవత్సరం, వానాకాలంలో ఒకనాడు గంజాం నుంచి ఢిల్లీశ్వరరావు మాస్టారు వచ్చారు. డ్రిల్లు మాస్టారుగా రిటైరై, ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుకలో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతుంటారు. పదిహేడేళ్ళ లోపు ఆడపిల్లల ప్రపంచకప్పు మన దేశంలో జరుగుతోందట. భువనేశ్వర్, గోవా, నవీ ముంబయి, మూడే ఊళ్ళట.

“నా దగ్గర ఇరవై రెండు మంది పిల్లలున్నారమ్మా. ఒక్క ఊరైనా చూపించాలి. తల్లులేటంటున్నారంటే, మీ బస్సైతే, కూర్మమ్మ వంటైతేనే పంపుతామంటున్నారు. కొందరు తామూ వస్తారట. ఏ ఊరో మీరే తేల్చండి.”

అరుగు మీద చేటలో బెడ్డలు ఏరుతున్న కూర్మమ్మ చెయ్యి ఆగింది.

“ఆడపిల్లలే ఆడతారేటి బాబూ?”

“ఆడపిల్లలే. పదహారు దేశాలవాళ్ళు.”

“ఆల్లమ్మలు ఒప్పుకున్నారా?”

“ఒప్పుకోకపోతే ఎలా వస్తారు కూర్మమ్మా?”

“సూడ్డానికి మగోల్లు కూడా వొస్తారా? టిక్కెట్టు కొనుక్కోనా?”

“వేలమంది వస్తారు. బంతి గోల్లో పడితే అందరూ ఒక్కసారి లేచి అరుస్తారు.”

“ఏటి సూసి అంతలాగ అరుస్తారు?”

మాస్టారికి హుషారొచ్చింది. రెండు డబ్బాలు దూరంగా పెట్టి, నిమ్మకాయను కాలితో తన్ని వాటి మధ్యకు పంపించారు. కూర్మమ్మ నిమ్మకాయ వైపు, డబ్బాల వైపు, మాస్టారి కాలి వైపు చూసింది.

“ఇంతేనా? దీనికే అరవరు బాబూ. ఇంకేటో ఉంటాది. సూడాల.”

ఆ రోజు నుంచి ఆమెకు అదే ధ్యాస. మనవాళ్ళతో ఆడే మొరాకో ఎటేపుంది, అక్కడివాళ్ళు ఏం తింటారు, గోలు దగ్గర నిలబడ్డ పిల్లకు బంతి రాకపోతే ఊరికే నిలబడి ఏం ఆలోచిస్తుంది... నాకేం తెలుసు? “నీ ప్రశ్నలు తగలెయ్య, చింతపండు నానబెట్టు” అనేదాన్ని. అన్నానే గానీ, ఆ గోలు దగ్గరి పిల్ల ఏం ఆలోచిస్తుందా అని నాకూ పట్టుకుంది.

ఊరు తేల్చడానికి పుస్తకంలో మూడు పేజీలు తీశాను. నాకు తెలిసిన విద్య ఒక్కటే కదా, క్షేత్రాలకు రాసినట్టే రాశాను. గోవా: సెమీ ఫైనల్సు, మంగేశీ గుడి, దారిలో కొల్హాపూర్ అమ్మవారు. నవీ ముంబయి: ఫైనలు, మహాలక్ష్మి గుడి, దారిలో పండరీపురం. భువనేశ్వర్ పేజీలో మన దేశం ఆడే మ్యాచ్‌లన్నీ అక్కడేనని రాసి ఆపేశాను. మాకు భువనేశ్వర్ ఒక ఊరా? కళ్ళజోడు మార్చుకోవడానికి పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చే ఊరు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నారు. పైగా గోవా నేను చూడలేదు. మాస్టారు కూడా, “గోవాలో కల్లు పాకలో కూడా ఫుట్‌బాల్ మాటేనమ్మా” అని ఊరించారు. గోవాకు టిక్కు పెట్టి, అలవాటు ప్రకారం కూర్మమ్మను అడిగాను.

“గోవా నీల్లలో పప్పు ఉడకదమ్మా” అంది.

“నువ్వెప్పుడు వెళ్ళావే?”

“నానెల్లలేదు. శికాకులం బస్సులో ఒండుతాడు కదా పైడన్న, ఆడెల్లినాడు. మూడు గంటలు మరిగినా రాల్లలాగే ఉన్నాయట.”

“మరి బొంబాయి?”

“బొంబాయి అసలొద్దు. అక్కడ నీల్లే రావట.”

చేట మీంచి తల ఎత్తకుండా చెప్పింది. అప్పుడే అనుమానం రావలసింది. కానీ ఎదిగే పిల్లలు, నలభై కడుపులు. ఉడకని పప్పుతో నాలుగు రోజులు ఎవరు వేగుతారు? మనసు చంపుకుని రెండు పేజీలూ కొట్టేశాను. భువనేశ్వర్‌లో మన పిల్లలకూ మొరాకో పిల్లలకూ జరిగే మ్యాచ్‌కి టికెట్లు తీయించాను.

వారం పోయాక పెద్ద గుండిగ అరువడగడానికి పైడన్నకు ఫోన్ చేశాను. మాటల్లో గోవా నీళ్ళ సంగతి ఎత్తితే అతను పకపకా నవ్వాడు. “గోవాకి నానెప్పుడెల్లినానమ్మా? మా బస్సు శ్రీశైలం దాటి ఎల్తే కదా!”

నా ఒళ్ళు మండిపోయింది. వంటింట్లోకి వెళ్ళి నిలదీశాను. “ఇరవై రెండేళ్ళు నీ మాట మీద బస్సు నడిపానే! నన్నే బురిడీ కొట్టిస్తావా? గోవా నీకేం పాపం చేసింది?”

కూర్మమ్మ చేతులు తుడుచుకుంది. తర్వాత చెప్పింది.

“గోవా అయితే అక్కడే ఒండాల కదమ్మా. మీరు ఆట సూసి వొచ్చీసరికి అన్నం ఏడిగా ఉండాల. నాను సత్రంలో పొయ్యి కాడుండిపోతాను. బోనేస్రమైతే ఇక్కడే పులిహోర కలిపీసి పట్టుకెల్లిపోవొచ్చు. పొయ్యుండదు. నానూ లోపలికొస్తాను. నాకూ సూడాలనుందమ్మా.”

ఆ మాటకు జాలిపడాలి. నేను పడలేదు. ఇంకో అరగంట తిట్టాను. అన్నీ విన్నది. చివరికి నోరు నొప్పెట్టి, “టికెట్టు నీకూ తీశాను లెద్దూ, ఏడవకు” అన్నాను. ఆమె ఏడవడం లేదు, ఊరికే అన్నాను.

మ్యాచ్ రాత్రిపూట. ఆ రోజు మధ్యాహ్నానికల్లా రెండు గుండిగల పులిహోర, రెండు కేన్ల పెరుగన్నం తయారు. కూర్మమ్మ కొత్త చీర కట్టింది. టికెట్టు రవికలో దోపుకుని, మళ్ళీ తీసి చూసుకుని, మళ్ళీ దోపుకుంది. రంభ దాటాక పిల్లలందరూ కిటికీల్లోంచి చిలికా చూస్తుంటే, ఆమె మాత్రం చందన పక్కన కూర్చుని ఆఫ్‌సైడు రూలు నేర్చుకుంటోంది. చందన ఆ పిల్లల కెప్టెను, పదిహేనేళ్ళది. బిస్కట్లు పేర్చి నాలుగుసార్లు చెప్పింది.

“అంటే అందరికంటే ముందు దొంగచాటుగా ఎల్లిపోయి నిలబడకూడదు. అంతేనా? పెల్లి బంతిలోనూ అంతే కదే” అంది కూర్మమ్మ. బస్సంతా నవ్వింది.

భువనేశ్వర్ చేరాక ఊళ్ళో బస్సు కదలనే లేదు, అంత రద్దీ. ముందు తిని తర్వాత లోపలికి వెళ్దామనుకున్నాం. స్టేడియం దగ్గర దిగేసరికి ఆట మొదలయ్యే వేళైంది. గిన్నెలు దింపగానే పోలీసులు బస్సును ఎక్కడో దూరం మైదానానికి పంపించేశారు. గేటు దగ్గర అన్నం లోపలికి తేకూడదన్నారు. రెండు గుండిగలు, రెండు కేన్లు, ఆకుల కట్ట, ఒక బకెట్టు, అన్నీ ఫుట్‌పాత్ మీద. ఎవరో ఒకరు ఉండాలి. అందరూ నా వైపు చూశారు. నా నోరు దానంతటదే పలికింది.

“కూర్మమ్మా, నువ్వుండు.”

ఆమె టికెట్టు రెండు చేతులతో పట్టుకుని ఉంది.

“ఉండనమ్మా.”

“ఏమిటీ?”

“కాసీలో ఉండమన్నారు, ఉన్నాను. రామేస్రంలో ఉన్నాను. ద్వారకలో సామాన్ల కాడే ఉన్నాను. ఏ గుడి లోపలా నాను సూడలేదు. దేవుడి కాడికి ఎల్లినప్పుడు నాను అడగలేదు. ఈపాలి మాత్రం ఉండనమ్మా.”

గొంతు పెంచలేదు. నాతో అలా ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు. మాస్టారు నసుగుతూ, “నేనుంటానమ్మా” అన్నారు. “పిల్లల్ని గాలికొదిలేసి మీరుంటారా? ఎవరూ ఉండక్కర్లేదు, పదండి, అందరూ పదండి!” అని అరిచి, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాను. కోపంలో అన్నాను గదా, ఒక్కరైనా ‘వద్దమ్మా, మీరు రండి’ అంటారనుకున్నాను. ఒక్కరూ అనలేదు. అందరికంటే ముందు కూర్మమ్మే లోపలికి వెళ్ళిపోయింది.

గోడ మీద నుంచి దీపాల వెలుగు తప్ప నాకేమీ కనబడలేదు. డప్పులు, ఈలలు. ఉన్నట్టుండి వేలమంది ‘ఓ...’ అని నిట్టూర్చారు. ఏమైంది? ఎవరైనా పడ్డారా? కాసేపటికి పెద్ద కేక. నేను లేచి నిలబడ్డాను. గేటు దగ్గర కానిస్టేబుల్ ఉంటే, “గోల్ హెలా కి?” అని ఒడియాలో అడిగాను, గోలు పడిందా అని. “జాణినీ, మాఉసీ” అన్నాడు. పాపం అతనికీ తెలియదు, ఆటకు వీపు పెట్టి రోడ్డు వైపు చూస్తూ నిలబడడమే అతని ఉద్యోగం. టీ అమ్మేవాడు మనమే గెలుస్తున్నామన్నాడు. అతనికెలా తెలుసని అడిగితే, అనిపించిందన్నాడు. గోడకు చెవి పెడదామని పది అడుగులు వేశానో లేదో, ఒక ఆవు వచ్చి ఆకుల కట్ట లాగింది. పరుగెత్తుకుంటూ వెనక్కి వచ్చాను.

తర్వాత లోపల ఉన్నట్టుండి నిశ్శబ్దమైంది. అంత జనం ఉన్నచోట ఆ నిశ్శబ్దం ఎందుకో తెలియక నాకు పిచ్చెక్కింది. గోవా పోయిందన్న బాధ ఎటుపోయిందో తెలియదు. గోడకు అవతల ఏం జరుగుతోందో ఎవరైనా వచ్చి ఒక్క ముక్క చెబితే చాలనిపించింది. ఎవరూ రాలేదు.

ఆట అయ్యాక జనం వరదలా బయటికొచ్చారు. మా పిల్లల ముఖాలు వాడి ఉన్నాయి. చందన ముక్కు ఎగబీలుస్తూ తిన్నగా గుండిగ దగ్గరికి వచ్చింది. వెనకాలే కూర్మమ్మ. జుట్టు రేగిపోయింది, గొంతు బొంగురు పోయింది. నేను గరిటె ఆమెకు అందించాను. “ఆకులు వెయ్యి, పిల్లలు నకనకలాడిపోతున్నారు.”

ఆమె గరిటె అందుకుని మాస్టారి చేతిలో పెట్టేసి, నా ఎదురుగా నేల మీద చతికిలబడింది.

“ఓడిపోనామమ్మా. మూడు పడ్డాయి. ముందు సగంలో ఒక్కటీ పడనివ్వలేదు మన పిల్లలు. నాను అరిసినాను, ఎంతలాగ అరిసినానో!”

“కూర్మమ్మత్తా, పెరుగన్నం ఏ కేనులో ఉంది?” వెనక నుంచి ఎవరో అడిగారు.

“ఉండండే! అమ్మ సూడలేదు. అమ్మకి సెప్పనీండి.”

చెప్పింది. మొదటి గోలు దగ్గర అవతలి పిల్ల ఒక్కతే, మన గోలు పిల్ల ఒక్కతే ఎదురెదురుగా నిలబడితే అంత జనమూ ఊపిరి బిగబట్టారని చెప్పింది. బంతి ఎటు వచ్చిందో, మన పిల్ల ఎటు దూకిందో లేచి దూకి చూపించింది. మూడోది ఆట ఆఖర్న పడిందనీ, అయినా జనం లేచి మన పిల్లలకు చప్పట్లు కొట్టారనీ చెప్పింది. ఏ పిల్ల జడ ఎంత పొడుగో కూడా చెప్పింది. తను అన్నం తినలేదు, నన్ను తిననివ్వలేదు.

ఇరవై రెండేళ్ళలో నేను ఎన్ని గుళ్ళలోంచి బయటికి వచ్చి ఉంటాను! వచ్చిన ప్రతిసారీ ఆమెను అడిగింది ఒక్కటే, వంట అయిందా అని. లోపల ఏం చూశానో ఒక్కనాడూ కూర్చుని చెప్పలేదు. నాకు సిగ్గేసింది, ఆ వీధిలో అంతమంది మధ్య కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఏటమ్మా, ఇసుగేసిందా?” అంది కూర్మమ్మ.

“లేదే. చెప్పు, తర్వాత?” అన్నాను.

“తర్వాతేటంటే...” అంటూ నా మోకాలి మీద చెయ్యి వేసి ఇంకా దగ్గరికి జరిగింది.