ఒకేసారి మూడు పైపులు

బెంగళూరులో ఒక పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో పొగతాగే పైపులు అమ్మి బతికినవాణ్ణి. ఆ స్టోర్ మూతబడి చాలాకాలమైంది. మా ఆవిడ పోయాక ఊరి అంచున జిగణిలో ఒక్కణ్ణే ఉంటున్నాను. ఆదివారం వచ్చిందంటే పలకరించే దిక్కుండదు.

అలాంటప్పుడు గుంటూరు వైపు నుంచి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. పాత పైపులు పోగుచేస్తాడట. మా స్టోర్ పైపుల చరిత్ర పుస్తకంగా వేస్తానన్నాడు. "సార్, గుర్తున్నదంతా చెప్పండి, రికార్డ్ చేసుకుంటాను" అన్నాడు.

అంతా చెప్పేస్తే మళ్లీ ఎందుకొస్తాడు? మా కౌంటర్‌లో ఒక పద్ధతి ఉండేది. ఎంతటి గిరాకీ వచ్చినా ఒకేసారి మూడు పైపులకు మించి చూపించకూడదు. అన్నీ పరిస్తే మనిషి తేల్చుకోలేక వెళ్లిపోతాడు. నేనూ అతను వచ్చిన ప్రతి ఆదివారం మూడు సంగతులే చెప్పాను. విదేశాల నుంచి ఓడల్లో పైపులు దిగడం, వాటి మెడ మీద మా ముద్ర కొట్టించడం, రిటైరైన మిలిటరీ ఆఫీసర్ల బేరాలు, ఇలాంటివి. మా ఆవిడ సంగతి మాత్రం ఆఖరికి అట్టేపెట్టుకున్నాను. పైపుతో పాటు ఇచ్చే మెత్తటి గుడ్డ సంచులన్నీ ఆమె కుట్టినవే. ఆ పుస్తకంలో ఆమె గురించి ఒక్క ముక్క పడాలని నా ఆశ.

నాలుగు వారాలకే సరుకు అయిపోయింది. ఆమె మాట చెప్తే అదే ఆఖరి ఆదివారం. అందుకని, ఊళ్లోని పాత బజారు బళేపేటలో ఒక ముసలాయన మాకు గంధపు చెక్కతో పైపులు చేసిచ్చేవాడని కథ అల్లాను. నా బుద్ధి గడ్డి తింది. నిప్పు పడితే గంధపు చెక్క ఏమవుతుందో పైపులమ్మినవాడికి తెలీదా?

పై వారం అతను కూర్చోకుండానే అడిగాడు. "సార్, శాండల్‌వుడ్ హీట్‌కి ఆగదు. బళేపేటంతా తిరిగాను, ఎవరికీ తెలీదన్నారు. అది నిజమేనా?"

"లేదప్పా. నువ్వు మళ్లీ వస్తావని చెప్పినా" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. "ఇంకొకటి ఉండాది. ఇది మాత్రం నిజం. ఆ సంచులుండాయే, అవన్నీ మా ఇంట్లో ఆమె కుట్టినవే."

అతను కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ప్రూఫ్ ఏమైనా ఉందా సార్?" అన్నాడు మెల్లగా.

ఏముంటుంది? ఆమె కుట్టి ఇచ్చేది, నేను పట్టుకెళ్లేవాణ్ణి. అతను నీళ్లు తాగి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

మొన్న పుస్తకం పోస్టులో వచ్చింది. మర్యాదస్తుడు, ముందు పేజీలో నాకు కృతజ్ఞతలు కూడా చెప్పాడు. సంచి ఫొటో కింద 'కుట్టినవారెవరో తెలియదు' అని ఉంది. ఆ మాట రాయించింది నేనే.