పొట్టికాళ్ళ వేటకుక్క

కుంటివారికి అడుగులిచ్చి, గుడ్డివారికి దారి చూపి, నేలమీద పాకే పురుక్కి కూడా దాని పూట తిండి దానికి అమర్చే ప్రభువుకు ముందుగా స్తోత్రం. ఆయన కృపవల్ల ఈ ఉదయం కూడా నా మోకాళ్ళు మెట్లు దిగాయి. ఆయన కృపవల్లనే హీటర్ పక్కన చాపమీద ఒక ముసలి కుక్క గురక పెడుతోంది. మేమిద్దరం ఇంతదూరం వస్తామని ఎవరూ అనుకోలేదు. కాబట్టి మహిమ ఆయనకే.

నిన్న బ్యోబ్లింగెన్ నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. నల్గొండ వైపు పిల్లవాడు, సాఫ్ట్‌వేర్ పని, ఈమధ్యే ఇక్కడ జర్మనీలో వేట లైసెన్స్ కోసం రాసే పరీక్ష పాసయ్యాడట. "ఆంటీ, వేటకి కుక్కని తీస్కుందామనుకుంటున్న. ఎక్సెల్ షీట్ చేసిన. ఉరుకుడుకి మార్కులు, వాసనకి మార్కులు, ఈతకి మార్కులు. టోటల్ కొడితే డ్రాట్‌హార్ ఫస్ట్ వస్తుంది. మీరేమంటరు?" అన్నాడు. డ్రాట్‌హార్ అంటే తీగల్లాంటి బిరుసు బొచ్చుతో, నడుము ఎత్తున ఉండే ఇక్కడి పెద్ద వేటకుక్క. "కుక్కలకి మార్కులు వేశావు సరే, నీకు వేసుకున్నావా నాయనా?" అని అడిగాను. "నాకెందుకాంటీ?" అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే చాపమీద గురకపెట్టే ఈ జీవి మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. ఫోన్లో అంత ఓపిక వాడికి లేదు. మీకుంటుందని రాస్తున్నాను.

మా ఊళ్ళో, అంటే పల్నాడులో, కుక్కని ఎంచుకోవడం అనే మాటే లేదు. అదే మనల్ని ఎంచుకునేది. ఒకరోజు అరుగెక్కి పడుకునేది, రెండోరోజు మన ఇంటి తరఫున పక్కింటివాళ్ళమీద మొరిగేది, అంతే, మన కుక్క అయిపోయినట్టు. జాతి ఏమిటని ఎవరైనా అడిగితే దాని తల్లి ఫలానావాళ్ళ చేలో తిరిగేదని చెప్పేవాళ్ళం. అలాంటి ఊరినుంచి వచ్చి, మా ఆయన ఉద్యోగం పుణ్యమా అని ఎర్లాంగెన్ దాటాక చేపల చెరువుల మధ్య ఒక పల్లెలో ఇల్లు కొనుక్కున్నాం. తెల్లారి అడవిదారిన నడుస్తూ పైకే ప్రార్థన చేసుకోవడం నా అలవాటు. ఒక నవంబరు ఉదయం అలా నడుస్తుంటే ముళ్ళపొద కింద ఒక ఆడ జింక కనిపించింది. కారు గుద్ది కాలు విరిగింది. గాయం రంగు చూస్తే అది అక్కడ పడి చాలా రోజులైనట్టుంది. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయింది. పక్కింటి పెద్దాయనకి ఫోన్ చేశాను. ఆ అడవి వేట బాధ్యత ఆయనదే. వచ్చి తుపాకితో దాని బాధ తీర్చాడు. "గుద్దినవాడు ఆరోజే పోలీసులకి చెప్పాడు. నేనూ వెతికాను. నా కుక్క చనిపోయింది కదా, కుక్క లేకుండా ఇలాంటివి దొరకవు" అన్నాడు. వేటంటే చంపడమనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. సగం చచ్చినదాన్ని వెతకడం కూడా వేటేనని అప్పుడు తెలిసింది. ఆ పని నాకు అప్పగింపబడిందని నా మనసులో స్థిరపడిపోయింది.

ఇక్కడ వేటకుక్కల్ని పెంచేవాళ్ళు వేట లైసెన్స్ లేనివాళ్ళకి పిల్లల్ని అమ్మరు. అందుకని యాభై దాటిన వయసులో, ట్రాక్టర్ దిగి బురద బూట్లతో వచ్చే కుర్రాళ్ళ పక్కన కూర్చుని, జింక పళ్ళు చూసి వయసు చెప్పడం, తుపాకి విప్పి మళ్ళీ బిగించడం, అన్నీ జర్మన్‌లో నేర్చుకున్నాను. పాసయ్యాను కూడా. పెద్దాయన మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని కుక్కల పాఠం చెప్పాడు. పొలంలో పిట్టని పసిగట్టి కాలెత్తి నిలబడేవి కొన్ని, నీళ్ళలో పడ్డ బాతుని పట్టుకొచ్చేవి కొన్ని, బొరియల్లో దూరే టెర్రియర్లు కొన్ని, నెత్తుటి జాడ తప్ప ఇంకేం పట్టనివి కొన్ని. ఒక్క కుక్కతో అన్నీ కావాలంటే డ్రాట్‌హార్ తీసుకోమన్నాడు. "రోజూ గంటలకొద్దీ పరుగెత్తించాలి. లేకపోతే అదే పని వెతుక్కుంటుంది, మీ సోఫాతో మొదలుపెట్టి" అని కూడా అన్నాడు. నేను నా మోకాళ్ళవైపు చూసుకున్నాను. నా ఎత్తు చూసుకున్నాను. ఆ కుక్క జింక జాడ పట్టి లాగితే జింకకంటే ముందు నన్ను వెతకాల్సొస్తుంది.

"నాకు అన్నీ వద్దు. ఒక్క పని చాలు. గాయపడ్డదాని జాడ వెంట, నా నడకతో నడిచేది కావాలి" అన్నాను. "అలాంటిది డాకెల్ ఒక్కటే. కానీ అది మహా మొండిది" అన్నాడు. డాకెల్ అంటే మీరు చూసే ఉంటారు. పొడుగు ఒళ్ళు, జానెడు కాళ్ళు, పొట్ట గడ్డిని రాసుకుంటూ పోతుంది. అప్పటిదాకా పేపరు చదువుకుంటున్న మా ఆయన తలెత్తి, "మొండితనం మా ఇంట్లో అలవాటే" అన్నారు. మా అమ్మాయి మాత్రం తలపట్టుకుంది. "అమ్మా, ఇట్స్ సో ఎంబరాసింగ్. అది ఓమాలు పెంచుకునే కుక్క" అంది. ఓమా అంటే ఇక్కడ అమ్మమ్మ. "నేనూ ఏదో ఒకరోజు ఓమానే కదే" అంటే లేచి గదిలోకి వెళ్ళిపోయింది.

పెంపకందారు ఇంట్లో పిల్లలన్నీ ముద్దుగానే ఉన్నాయి. సైనికులు నీళ్ళు తాగే తీరు చూసి ఎవరిని యుద్ధానికి తీసుకోవాలో దేవుడు తేల్చిన సంగతి చిన్నప్పుడు సండే స్కూల్లో విన్నదాన్ని, ఊరికే ముద్దు చూసి ఎలా తెస్తాను? పెద్దాయన ఇచ్చిన జింకతోలు ముక్కని తాడుకట్టి గడ్డిలో ఈడ్చి, పిల్లల్ని వదిలి, చప్పట్లు కొట్టి పిలిచాను. అన్నీ నా కాళ్ళమీద పడ్డాయి, ఒక్కటి తప్ప. దాని ముక్కు నేలనుంచి లేవలేదు. పెంపకందారు ఈలవేసినా లేవలేదు. దాన్నే తెచ్చుకున్నాను. కాగితాల్లో దానికి జమీందారీ పేరు ఏదో ఉంది. నేను చీమ అని పెట్టాను. సోమరులు వెళ్ళి బుద్ధి నేర్చుకోమని లేఖనం చెప్పింది చీమ దగ్గరికే కదా.

అసలు యుద్ధం అప్పుడు మొదలైంది. మా తెలుగు క్రైస్తవ సహవాసం ఆదివారాలు న్యూరెంబర్గ్‌లో అద్దె హాల్లో జరుగుతుంది. శనివారం మధ్యాహ్నం గృహకూడిక మా ఇంట్లో. మా ఆయన ఉద్యోగం కొత్తలో, ఎవరి ముఖం ఎవరికీ తెలియని రోజుల్లో నేను మొదలుపెట్టిన కూడిక అది. మాస్టర్స్ చదువుకునే పిల్లలు రైలు దిగి ఆకలితో వచ్చేవాళ్ళు. పాటలు, వాక్యం, తర్వాత కోడికూర. మడత కుర్చీలు ఒక్కొక్కటే కొని పోగుచేశాను. మా సంఘపెద్ద చీమని మొదటిసారి చూసినరోజు గుమ్మంలోనే ఆగిపోయారు. మంచి మనిషి, మోకాళ్ళమీద గంటలు గడిపే మనిషి, అది ఒప్పుకోవాలి. "ఇదా సిస్టర్ మీ వేటకుక్క? దీన్ని జింకే వేటాడుతుంది" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత నవ్వకుండా అన్నారు: "పరిశుద్ధ పట్టణానికి వెలుపల ఉండేవాటిలో లేఖనం మొదట కుక్కల్నే చెప్పింది. కూడిక జరిగే ఇంట్లో ఇది ఉండకూడదు." నేను కూడా వాక్యం చదివినదాన్నే. "బల్లమీంచి పడిన ముక్కలు కుక్కపిల్లలు తింటాయని ఒక తల్లి అంటే ప్రభువు ఆమె విశ్వాసాన్ని మెచ్చుకున్నాడు కదా అన్నయ్యా. బల్లకింద ఉన్నాయంటే ఇంట్లో ఉన్నట్టే కదా" అన్నాను. అక్కడినుంచి ప్రతివారం మాట పెరిగింది, మనుషులు తగ్గారు. చివరికి ఒక ఆదివారం హాల్లో అందరిముందూ చెప్పారు. వచ్చే శనివారంలోగా కుక్కని ఎవరికైనా ఇచ్చేయాలి, లేకపోతే మా ఇంట్లో అదే ఆఖరి కూడిక. ఆ వారమంతా నాకు నిద్ర సరిగా లేదు. కూడిక పోతే ఈ దేశంలో నాకు మిగిలేది గోడలే.

ఆ శనివారం అందరూ వచ్చారు, ఆఖరిది చూద్దామనో ఏమో. కుర్చీలు చాలలేదు. చీమ బల్లకింద పడుకుని ఉంది. అప్పటికే వేటకుక్కలకి పెట్టే పరీక్షలన్నీ అది పాసైంది, గాయం జాడ వెతకడానికి పనికొస్తుందని ఒప్పుకున్నారు, కానీ నిజమైన పిలుపు ఒక్కటీ రాలేదు. సంఘపెద్ద ప్రార్థన మొదలుపెట్టిన కాసేపటికి కిటికీ మీద ఎవరో తట్టారు. పక్కింటి పెద్దాయన, భుజాన తుపాకి. పొద్దున చెరువు మలుపులో కారు ఒక జింకని గుద్దిందట, ముందుకాలు విరిగి అడవిలోకి పోయిందట, ఇక ఆలస్యం చేయకూడదట. నేను లేచాను. వాక్యగ్రంథం కుర్చీమీద పెట్టి బూట్లు తొడుక్కున్నాను.

"ప్రార్థన మధ్యలో ఎక్కడికి సిస్టర్?" అన్నారు సంఘపెద్ద.

"గుంటలో గొర్రె పడింది అన్నయ్యా. విశ్రాంతిదినమైనా తీయమన్నాడు కదా ప్రభువు."

"అది గొర్రె కాదు. అడవి జంతువు."

"రెంటినీ చేసినవాడు ఒక్కడే."

"అయితే కుర్చీలు మా ఇంటికి పంపించేయండి. వచ్చేవారం నుంచి అక్కడ పెట్టుకుంటాం."

"కుర్చీలు నావి. ఇక్కడే ఉంటాయి. ఎవరొస్తే వాళ్ళు కూర్చుంటారు, ఎవరూ రాకపోతే ఖాళీగా ఉంటాయి. కుక్క కూడా ఇక్కడే ఉంటుంది" అన్నాను. చీమ మెడకి పొడుగుతాడు కట్టి బయటికి వచ్చేశాను.

రోడ్డుపక్క నెత్తురు చుక్క చూపించాను. చీమ ముక్కు దించింది. ఇక అది లేచింది లేదు. మెల్లగా, పప్పులో రాళ్ళేరినట్టు, ఆకు ఆకూ వాసన చూసుకుంటూ పోతుంటే వెనక నేను, నా వెనక పెద్దాయన. పొడుగుకాళ్ళ కుక్క అయితే ఎగిరి దూకే ముళ్ళకంపని ఇది కిందనుంచి దూరింది, నేను వంగి దూరాను. వాగు దగ్గర చీమ ఆగి గట్టువైపు తిరిగింది. "నెత్తురు కిందివైపు కనిపిస్తోంది, గాయపడ్డది గట్టెక్కదు. మీ కుక్క తప్పుతోంది, వెనక్కి లాగండి" అన్నాడు పెద్దాయన. చీమ గట్టువైపే లాగుతోంది. ముప్పై ఏళ్ళ అనుభవం ఒకవైపు, జానెడు కాళ్ళు ఒకవైపు. "మీరు కిందికి వెళ్ళండి, నేను దీంతో వెళ్తాను" అన్నాను. గొణుక్కుంటూ నా వెనకే వచ్చాడు. గట్టుమీద పడిపోయిన దేవదారు మాను చాటున జింక ఉంది; వాగు వెంట కొంత దిగి, తిరిగి గట్టెక్కినట్టుంది. బతికే ఉంది. తుపాకి ఒక్కసారే మోగింది. పెద్దాయన టోపీ తీసి, చిన్న రెమ్మ విరిచి దాని నోట్లో పెట్టాడు. ఆఖరి ముద్ద అంటారు ఇక్కడ. మన దగ్గర పోయేవాళ్ళ నోట్లో నీళ్ళు పోసినట్టే. ఇంకో రెమ్మ విరిచి సగం నాకిచ్చి, సగం చీమ మెడపట్టీలో గుచ్చాడు, వేటలో గెలిచినవాళ్ళకి ఇక్కడ ఇచ్చే గౌరవం అది. "కిందికి వెళ్ళుంటే రేపటిదాకా ఇది ఇక్కడే పడుండేది" అన్నాడు. నేను ఆ బురదలోనే మోకరించాను. ఆరోజు మధ్యలో వదిలేసిన ప్రార్థన అక్కడ ముగించాను.

ఇంటికి వచ్చేసరికి అందరూ వెళ్ళిపోయారు. సంఘపెద్ద భార్య, నేను వదినా అని పిలిచే ఆవిడ, ఒక్కతే ఉంది. కప్పులన్నీ కడిగి బోర్లించింది. బల్లకింద కాగితంమీద జంతికల ముక్కలు చిదిమి పెట్టింది. నేను చూస్తున్నానని గమనించి, "నాకు కుక్కలంటే భయం వదినా. చేత్తో పెట్టలేను, అందుకని కింద పెట్టాను" అంది. చీమ రెమ్మతో సహా బల్లకిందికి దూరింది. "అన్నయ్య ఏమంటారో" అన్నాను. "అనేవి ఇంటికెళ్ళాక అంటారు. బస్సు టైమైంది" అని కోటు వేసుకుంది. తర్వాతి శనివారం కూడా అదే బస్సులో ఒక్కతే వచ్చింది. ఆ తర్వాత ఇద్దరు చదువుకునే పిల్లలు, కోడికూర కోసమేనని ఒప్పుకుంటూ. సంఘపెద్ద ఇప్పటికీ రారు. ఆదివారాలు నా పేరు పెట్టి నా మారుమనస్సు కోసం ప్రార్థిస్తారు. నేను ఆమెన్ అంటాను. ప్రార్థన ప్రార్థనే కదా, మారాల్సింది ఏదైనా ఉంటే మారుతుంది. కుక్క విషయంలో మాత్రం మారను.

ఆ అబ్బాయికి ఇవాళ ఫోన్ చేసి చెప్పాను: నీ నేల ఏమిటో, నీ పని ఏమిటో, నీ కాళ్ళు ఎంత నడుస్తాయో ముందు రాసుకో, ఆ లెక్క అడుగున ఏ కుక్కో దానంతటదే తేలుతుంది. "అయితే ఏ బ్రీడ్ ఆంటీ?" అన్నాడు మళ్ళీ. పిల్లలు పిల్లలే.

చీమ ముక్కు ఇప్పుడు తెల్లబడింది. ఒక కన్ను మసకేసింది. పిలుపొచ్చినా నేనే వద్దంటున్నాను, దానికి మాత్రం తలుపు దగ్గర నిలబడటం మానాలని లేదు. చదివినవాళ్ళు ఒక్క నిమిషం నాతో కలిసి తలవంచండి. రోడ్డుపక్క పొదల్లో ఎవరూ చూడకుండా పడున్నవాటికోసం, నన్ను కాదన్న అన్నయ్యకోసం, ఇంకా ఖాళీగా ఉన్న నా కుర్చీలకోసం. ప్రభువా, నా నడకకి సరిపోయేదాన్నే ఏరుకున్నాననుకున్నాను, దాని కాలం నా కాలంకంటే వేగంగా నడుస్తుందని అప్పుడు లెక్కచూసుకోలేదు; ఈ పొట్టికాళ్ళు మాకంటే ముందు నీ ఇల్లు చేరితే, గుమ్మం బయట ఉంచకు, లోపలికి రానియ్యి. ఆమెన్ అనండి.