హుజూరాబాద్ మండపం, మస్కట్ ఫోన్‌లో

హుజూరాబాద్‌లో హనుమండ్లు టెంట్ హౌస్ తెలియని పెళ్లివారు తక్కువ. కుర్చీలు, షామియానాలు, వంటగిన్నెలు ఒక ఎత్తయితే, ఆ షాపు లైట్లు ఇంకో ఎత్తు. ఆయన కూతురు ప్రవళిక చిన్నప్పుడు హోంవర్కు చేసింది కూడా సీరియల్ బల్బుల చుట్టల మధ్యనే. కరీంనగర్‌లో కంప్యూటర్ల డిగ్రీ పూర్తిచేసి వచ్చాక, షాపు వెనకగదిలో బల్ల వేసుకుని పెళ్లి మండపాలను కంప్యూటర్‌లో కట్టడం మొదలుపెట్టింది. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్తంభాలు, పూలు, లైట్లు అమర్చి బొమ్మ తీసేది. కానీ ఆమె ఆశ బొమ్మతో తీరేది కాదు. అదే మండపాన్ని వీడియో ఆటలు తయారుచేసే గేమ్ ఇంజిన్‌లోకి పంపితే, ఆటలో తిరిగినట్టు, పెళ్లివారు తమ పందిట్లో ఫోన్‌లోనే తిరగవచ్చు.

అలా తిరగాల్సిన మొదటి మనిషి లక్ష్మీరాజం. మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. కూతురు రమ పెళ్లికి ఆయనకు దొరికిన సెలవు ముందురోజు వచ్చి దిగడానికే సరిపోతుంది. "బిడ్డ పెండ్లి మండపం నేను సూడకుంటనే కడ్తరన్నట్టు" అని ఆయన ఫోన్‌లో నవ్వబోయి ఆగిపోయాడు. "నేను సూపిస్త పెద్దబాపూ" అనేసింది ప్రవళిక. ఇవాళ మధ్యాహ్నం అన్నం వేళ ఆయన లింకు తెరుస్తాడు. పని జరగకపోతే సాయంత్రం ఆయన తమ్ముడు వచ్చి షాపు పాత ఆల్బమ్‌లో ఏదో ఒక మండపం ఫొటో మీద వేలు పెడతాడు. సామాను లారీ ఎక్కుతుంది.

పొద్దున ఫైలు ఇంజిన్‌లోకి పంపింది. మండపం వచ్చింది. లైట్లూ వచ్చాయి, చిక్కల్లా అదే. స్తంభాలు, బంతిపూలు, పీటలు, వాటి మీద కూర్చోబెట్టిన పెళ్లికొడుకు, పెళ్లికూతురు బొమ్మలు అన్నీ ఒక్క తెలుపులో కరిగిపోయాయి.

హనుమండ్లు చాయ్ గ్లాసుతో వచ్చి తెర మీదికి వంగాడు. "గిదేంది బిడ్డా, సున్నం ఏసినవా?"

"లైట్లు బాపూ. బ్లెండర్‌ల మంచిగనే ఉండె. గేమ్ ఇంజిన్ల ఏసినంక గిట్లయింది."

"ఎంతెంత పెట్టినవ్?"

"మన బల్బు డబ్బల మీద ఉన్నంతనే. హాలోజన్‌కు వెయ్యి వాట్లు."

"మరి కరెక్టే గదా" అని ఆయన చాయ్ తాగుతూ వెళ్లిపోయాడు.

కరెక్టే. లైట్ల షాపులో పెరిగిన పిల్ల ఇంకో అంకె ఎందుకు వేస్తుంది? ఒక్కో లైటూ తగ్గించి చూసింది. ఒక మూల చీకటైంది, ఇంకో మూల కాలిపోతూనే ఉంది. అప్పుడు తట్టింది. డబ్బా మీది వాట్లు బల్బు తినే కరెంటు లెక్క. బ్లెండర్ అడిగేది బల్బు బయటికిచ్చే వెలుగు లెక్క. హాలోజన్ తిన్నదాంట్లో చాలామటుకు వేడిగానే పోతుంది. దాని కింద చెమట పట్టని పెళ్లికొడుకు ఎవడు? బ్లెండర్‌లో మరీ వెలుగెక్కువైందని తనే ఎప్పుడో కెమెరా ఎక్స్‌పోజర్, అంటే కెమెరా లోపలికి తీసుకునే వెలుగు, తగ్గించుకుని, ఆ సంగతే మరచిపోయింది. ఫైలుతోపాటు ఇంజిన్‌కు లైట్ల అంకెలు వెళ్లాయి. కెమెరా తగ్గింపు వెళ్లలేదు.

కుర్చీ వెనక్కి పడిపోయినా చూడకుండా గోదాములోకి ఉరికింది. డబ్బాలు తిప్పి చూస్తే, వాట్ల పక్కనే చిన్న అక్షరాల్లో ల్యూమెన్లు. వెలుగు లెక్క అదే.

"బాపూ, దొరికింది."

"ఏం పోగొట్టుకున్నవే?" అని గల్లా దగ్గరి నుంచి హనుమండ్లు కేకేశాడు.

జవాబు చెప్పే తీరిక ఎక్కడిది? ల్యూమెన్ల నుంచి అంకెలు కట్టి, ఎక్స్‌పోజర్‌ను మామూలుగా పెట్టి, మళ్లీ పంపింది. ఈసారి తెర మీద స్తంభం గుండ్రంగా కనిపించింది. బంతిపూల దండ కింద దాని నీడ పడింది. ప్రవళిక రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని గదిలోనే గిర్రున తిరిగింది.

లింకు పంపిన కాసేపటికే ఫోన్ మోగింది.

"నడుస్తున్న బిడ్డా" అన్నాడు లక్ష్మీరాజం. వెనక ఎవరో పళ్లేలు కడుగుతున్న చప్పుడు. "గిది దర్వాజ. అగో, పూలు. కూసునే బటన్ యాడుంది? ఆఁ, కూసున్న." మళ్లీ ఆయనే అడిగాడు.

"అల్లుని కాళ్లు కడిగే కాడ నేను కూసునేది గీడనేనా?"

"ఆడనే పెద్దబాపూ."

"గా ఎడమదిక్కు లైటు నా కండ్లల్లనే కొడ్తుంది. పిల్లగాని మొఖం కనబడ్తలేదు. జర పక్కకు జరుపు."

ప్రవళికకు నవ్వాగలేదు. ఆయన బాగుందనలేదు, బాలేదనలేదు. టెంట్ హౌస్ కుర్రవాళ్లను గదమాయించినట్టు లైటు జరపమన్నాడు. లైటు పక్కకు జరిపి, దాని ముఖం పీటల వైపు తిప్పి, ఫైలు మళ్లీ పంపింది. "ఇంకోసారి తెర్వుండ్రి."

"తిండి సల్లారితే సల్లారనీ" అని ఆయన ఎవరితోనో అన్నాడు. లింకు మళ్లీ తెరిచి, "ఆఁ, ఇప్పుడు కనబడ్తుండు" అన్నాడు. "హనుమండ్లుకియ్యి బిడ్డా."

హనుమండ్లు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఫోన్ తీసుకుని "సరే అన్నా, గిదే కడ్తం. నీ తమ్మునికి నువ్వే చెప్పు" అని పెట్టేసి, తెర ముందు కుర్చీని నిలబెట్టి కూర్చున్నాడు.

"గా లైటు ఎంత దూరం జరిపినవ్? పోరగాండ్లకు చెప్పాలె గదా."

"ఉండు బాపూ, కొలిచి చెప్త" అని ప్రవళిక మౌస్ అందుకుంది.